ఎనోక్సాపరిన్ సిరంజి: డోసు సరే, టైము సంగతేంటి?

ఆపరేషన్ పేషెంటుకు రోజుకొకసారి పొట్ట మీద చర్మం మడత పట్టి ఇచ్చే చిన్న ఇంజెక్షన్ ఇది. వార్డుల్లో ఎక్కువగా దాని మొదటి బ్రాండ్ పేరుతో క్లెక్సేన్ అనే పిలుస్తారు, అమెరికాలో లవనాక్స్ అంటారు. లోపలి మందు ఎనోక్సాపరిన్. పంది పేగు నుంచి తీసే హెపారిన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టి దీన్ని తయారుచేస్తారు. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టకుండా, కట్టిన గడ్డ ఊపిరితిత్తులకు కొట్టుకుపోకుండా చూడటం దీని పని.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. ఆపరేషన్ ముందూ తర్వాతా వాడే రక్తం పలచబరిచే మందుల్లో ఇంత లెక్క ప్రకారం నడిచేవి తక్కువ. కాకపోతే ఆ లెక్క మనమే వేయాలి. ఇచ్చిన వేళ, కిడ్నీల పనితీరు, ఒంటి బరువు, ఈ మూడింటిలో ఏది మరిచినా ఈ మంచి మందే రక్తస్రావం తెచ్చిపెడుతుంది. మూడింటిలోనూ ఎక్కువగా నిర్లక్ష్యమయ్యేది వేళే.

ముందు సిరంజి సంగతి చూద్దాం. మందు నింపి, సూది బిగించి, సీల్ చేసి వస్తుంది. 20, 40, 60, 80, 100 మిల్లీగ్రాముల సైజులు మామూలుగా దొరుకుతాయి. అమెరికాలో 30 కూడా ఉంటుంది. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు కాబట్టి 40 మి.గ్రా. అంటే 0.4 మి.లీ. ఇంతవరకు తేలికే. కానీ మిల్లీలీటరుకు 150 మి.గ్రా. ఉండే గాఢమైన సిరంజిలు కూడా తయారవుతాయి. డోసును మిల్లీలీటర్లలో రాస్తే, ఆ సిరంజి చేతికొచ్చిన రోజున ఒకటిన్నర రెట్ల మందు లోపలికి పోతుంది. అందుకే కేస్ షీట్‌లో మిల్లీగ్రాములే రాయాలి. కొన్ని పెట్టెల మీద యూనిట్లు ఉంటాయి. 1 మి.గ్రా. అంటే 100 యూనిట్లు, కనుక 4000 యూనిట్లు అని కనిపిస్తే అది 40 మి.గ్రా. సిరంజే.

సిరంజిలో కనిపించే గాలి బుడగను చూసి చాలామంది కంగారుపడతారు. అది అక్కడ ఉండాల్సిందే. 20, 40 మి.గ్రా. సిరంజిల్లో దాన్ని బయటికి నెట్టకూడదు. నెడితే దానితోపాటు మందు చుక్క కూడా పోతుంది, ఉన్నదే 0.4 మి.లీ. కాబట్టి చుక్క పోయినా లెక్కే. వదిలేస్తే ఆ బుడగే చివర్లో సూదిలో మిగిలిన మందును చర్మం కిందికి తోస్తుంది. ఇచ్చేది కొవ్వు పొరలోకి, రక్తనాళంలోకి కాదు, కాబట్టి ఆ కాస్త గాలితో ప్రమాదం లేదు. గీతలున్న పెద్ద సిరంజిల సంగతి వేరు. బరువును బట్టి 70 మి.గ్రా. ఇవ్వాల్సి వస్తే 80 సిరంజిని సూది కిందికి ఉండేలా పట్టుకుని ఎక్కువైన 10 మి.గ్రా. ముందే వదిలేయాలి. సూది కిందికి ఉంటే బుడగ పైన పిస్టన్ దగ్గరే ఉండిపోతుంది. సూది కొసన వేలాడే చుక్కను కూడా తట్టి రాల్చేయాలి, అది చర్మం పొరల్లోకి పోతే కమిలిన మచ్చ పెద్దదవుతుంది.

ఇచ్చేటప్పుడు పేషెంటును పడుకోబెట్టాలి. బొడ్డుకు కనీసం 5 సెంటీమీటర్ల దూరంలో, పొట్టకు పక్కగా, ఆపరేషన్ గాయానికీ, లోపలి స్రావాన్ని బయటికి తెచ్చే గొట్టానికీ (డ్రెయిన్) దూరంగా చోటు చూసుకోవాలి. ఈరోజు కుడి అయితే రేపు ఎడమ. బొటనవేలూ చూపుడువేలూ మధ్య చర్మాన్ని మడతగా ఎత్తి పట్టుకుని సూదిని నిటారుగా, మొత్తం దిగేదాకా గుచ్చాలి. మందు నెమ్మదిగా ఎక్కించాలి. అయిపోయేదాకా మడత వదలకూడదు, తీశాక రుద్దకూడదు. ఈ రెండు నియమాలూ పాటించనిచోటే పొట్టంతా నీలిమచ్చలతో కనిపిస్తుంది. బక్కపలచని మనిషికి మడత పట్టకుండా గుచ్చితే సూది పొట్ట కండరం దాకా పోవచ్చు. అప్పుడు కండరం తొడుగు లోపల రక్తం చేరి, గట్టి గడ్డలా చేతికి తగులుతూ, దగ్గినా లేవబోయినా విపరీతంగా నొప్పి పెడుతుంది. ఇంజెక్షన్ నొప్పేలే అని కొట్టిపారేయకుండా హిమోగ్లోబిన్ చూసి, స్కాన్ చేయించాల్సిన సందర్భం అది.

ఇక మందు నడిచే తీరు. పాత హెపారిన్, అంటే ముక్కలు చేయనిది, రక్తంలోని రకరకాల ప్రొటీన్లకు అతుక్కుపోతుంది, అందుకే ఒకే డోసు ఒక్కొక్కరిలో ఒక్కోలా పనిచేస్తుంది, డ్రిప్ పెట్టినప్పుడు రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఏపీటీటీ పరీక్ష చేస్తూ వేగం సరిచేస్తుండాలి. ఎనోక్సాపరిన్‌కు ఆ బాధ చాలావరకు లేదు. చర్మం కింద ఇచ్చింది దాదాపు మొత్తం రక్తంలోకి చేరుతుంది, 3 నుంచి 5 గంటల్లో గరిష్ఠానికి వెళ్తుంది. పదేపదే ఇస్తుంటే దాని అర్ధాయువు, అంటే రక్తంలో మందు సగానికి తగ్గే సమయం, సుమారు 7 గంటలు. ఇది ముఖ్యంగా అడ్డుకునేది పదో గడ్డకట్టే కారకాన్ని కాబట్టి, ఏపీటీటీ మామూలుగా వచ్చినంత మాత్రాన మందు దిగిపోయిందని అనుకోకూడదు. కొలవాల్సి వస్తే, పదో కారకం మీద మందు ప్రభావం ఎంతుందో చూపే యాంటీ టెన్-ఎ పరీక్ష ఉంది. రక్తం తీయాల్సింది డోసు ఇచ్చిన సుమారు 4 గంటలకు. ఏదో ఒక వేళకు తీసిన శాంపిల్‌తో వచ్చే అంకెకు అర్థం ఉండదు.

గడ్డ కట్టకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే నివారణ డోసు సాధారణంగా రోజుకు 40 మి.గ్రా. పొట్ట, కటి భాగం ఆపరేషన్లలో ముందురోజు రాత్రే, అంటే సుమారు 12 గంటల ముందు మొదటి డోసు ఇచ్చే పద్ధతి ఉంది. ఆపరేషన్ అయ్యాక మొదలుపెట్టే పద్ధతీ ఉంది. వెన్నులో మత్తు ఇచ్చే అవకాశం ఉన్నచోట రెండోదే మేలని మా మొగ్గు. వేళ జారినా ప్రమాదం తక్కువ. రాత్రి 8కి ఇవ్వాల్సిన డోసు 11కి ఇచ్చి, పొద్దున 8కే వెన్నులో సూది పెడితే మధ్యలో ఉన్నది 9 గంటలే. చార్టులో మాత్రం ‘రాత్రి డోసు ఇచ్చాం’ అనే ఉంటుంది. అందుకే ‘రాత్రి’ అని కాకుండా నిమిషాలతో సహా టైము రాయాలని గట్టిగా చెబుతున్నాం.

వెన్నులో మత్తుకూ ఈ మందుకూ ఉన్న చరిత్ర తెలిస్తే ఆ పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. యూరప్‌లో రోజుకొకసారి 40 మి.గ్రా. వాడేవారు. అమెరికాలో 1993లో అనుమతి వచ్చాక మోకాలు, తుంటి మార్పిడి ఆపరేషన్లకు 30 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఇవ్వడం మొదలైంది. వెన్నులో ఒకేసారి సూదితో ఇచ్చే మత్తు (స్పైనల్), సన్న గొట్టం ఉంచి ఇచ్చే మత్తు (ఎపిడ్యూరల్) తీసుకున్న పేషెంట్లలో వెన్నెముక గొట్టం లోపల రక్తం చేరి కాళ్లు పడిపోయిన కేసులు పోగుపడ్డాయి, 1997లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. రోజుకు రెండు డోసులంటే మందు బాగా దిగే ఖాళీ సమయం దొరకదు. ఎపిడ్యూరల్ గొట్టం తీసే వేళ అలాంటి ఖాళీలోనే పడాలి.

నియమాలు ఇవీ. నివారణ డోసు తర్వాత 12 గంటలు, కట్టిన గడ్డకు ఇచ్చే పెద్ద డోసు, అంటే చికిత్స డోసు తర్వాత 24 గంటలు గడిస్తేగాని వెన్నులో సూది పెట్టకూడదు. ఎపిడ్యూరల్ గొట్టం తీయడానికీ ఇవే గంటలు వర్తిస్తాయి, ఎందుకంటే పెట్టేటప్పుడు ఎంత ప్రమాదమో తీసేటప్పుడూ అంతే. తీశాక కనీసం 4 గంటలు ఆగి తర్వాతి డోసు ఇవ్వాలి. వెన్నులో సూది పెట్టాక మొదటి 40 మి.గ్రా. డోసుకు 12 గంటలు ఆగడం మంచి పద్ధతి. చికిత్స డోసు మొదలుపెట్టాలంటే ఆలోగా గొట్టం తీసేసి ఉండాలి. ఇక్కడ లెక్క చెడేది చాలావరకు ఒకేచోట: గొట్టం తీసేది నొప్పి చూసే టీమ్, ఇంజెక్షన్ ఇచ్చేది వార్డు నర్సు, ఒకరు రాసింది ఇంకొకరు చూడరు. రెండూ ఒకే కాగితం మీద ఉండాలి.

కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయని పేషెంటు అంటే ‘మత్తు ఇంకా దిగలేదులే’ అనడం సులువు. స్పైనల్ లేదా చివరి ఎపిడ్యూరల్ డోసు ఇచ్చి 4 గంటలు దాటినా మోకాలు చాపి కాలు పైకెత్తలేకపోతే, తగ్గుతున్న బలహీనత మళ్లీ పెరిగితే, కొత్తగా నడుంనొప్పి వస్తే, మూత్రం బిగబడితే మత్తు డాక్టర్‌ను వెంటనే పిలవాలి, ఆలస్యం లేకుండా ఎంఆర్ఐ తీయించాలి. లక్షణాలు మొదలైన 8 గంటల లోపు ఆపరేషన్ చేసి రక్తం తీసేస్తే కాళ్లు తిరిగి పనిచేసే అవకాశం బాగా ఎక్కువ. పొద్దున రౌండ్స్‌లో చూద్దామనుకుంటే ఆ 8 గంటలూ అక్కడే కరిగిపోతాయి.

కిడ్నీల విషయం దీనికున్న అసలు బలహీనత. మందు బయటికి పోయే ప్రధాన దారి అదే. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మి.లీ. వడకడుతున్నాయో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ 30 కంటే తగ్గితే డోసు తగ్గించాలి. చికిత్స డోసు మామూలుగా కిలోకు 1 మి.గ్రా. చొప్పున 12 గంటలకోసారి. 30 లోపు ఉంటే అదే డోసు 24 గంటలకోసారి. నివారణ డోసు దేశాన్ని బట్టి 20 లేదా 30 మి.గ్రా.కు తగ్గుతుంది. క్లియరెన్స్ 15 లోపు పడిపోతే, డయాలసిస్ మీద ఉంటే పాత హెపారిన్ వైపే వెళ్లాలి. ఇక్కడ మోసం చేసేది రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్ అంకె. 80 ఏళ్ల ముసలావిడ, 42 కిలోలు, క్రియాటినిన్ 1.2 అంటే రిపోర్టు చూడటానికి ఫర్వాలేదనిపిస్తుంది. వయసూ బరువూ వేసి కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ సూత్రంతో లెక్కిస్తే 25 దగ్గర తేలుతుంది. పైగా ఆపరేషన్ ముందురోజు లెక్కతో వారమంతా నడపకూడదు. బీపీ పడినా, ఇన్ఫెక్షన్ వచ్చినా కిడ్నీలు రెండు రోజుల్లో మందగిస్తాయి, నిన్నటి సరైన డోసు ఈరోజు ఎక్కువవుతుంది.

బరువు రెండు వైపులా ఇబ్బంది పెడుతుంది. 45 కిలోల లోపు ఆడవాళ్లలో, 57 కిలోల లోపు మగవాళ్లలో నివారణ డోసుకే మందు మోతాదు రక్తంలో ఎక్కువగా కనిపిస్తుంది. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచిక) 40 దాటినవాళ్లకు రోజుకు 40 చాలదని చాలాచోట్ల రెండుసార్లు ఇస్తారు. చికిత్స డోసుకు బరువును అడిగి రాసుకోకుండా తూచి రాసుకోవాలి.

రక్తస్రావం ఎప్పుడూ కట్టు తడిసే కనిపించదు. డ్రెయిన్‌లో ఎర్రగా పెరగడం, గాయం ఉబ్బి బిగుసుకోవడం కంటికి కనిపించేవి. కనిపించనిది వీపు వైపు, పొట్ట పొర వెనక చేరే రక్తం. నడుము పక్కన నొప్పి, తొడ ముందుభాగంలో తిమ్మిరి, నాడి వేగం పెరగడం, కారణం తెలియకుండా హిమోగ్లోబిన్ రెండు గ్రాములు దిగడం, వీటిలో రెండు కలిసి కనిపిస్తే స్కాన్ తీయాలి. ఆపరేషన్ నొప్పికి వాడే కెటోరోలాక్, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు ప్లేట్‌లెట్ల పనిని దెబ్బతీస్తాయి, కొందరిలో కిడ్నీలనూ మందగింపజేస్తాయి. రెండు వైపుల నుంచీ ఎనోక్సాపరిన్ ప్రభావం పెంచేస్తాయన్నమాట. రెండూ ఒకే చార్టులో కనిపిస్తే నొప్పి మందు మార్చమని అడగాలి.

విరుగుడు ఉంది గానీ పూర్తిగా పనిచేయదు. ప్రొటమిన్ పాత హెపారిన్‌ను పూర్తిగా తిప్పేస్తుంది. ఎనోక్సాపరిన్‌లో పదో కారకం మీది ప్రభావాన్ని మాత్రం ఎక్కువలో ఎక్కువ 60 శాతం దాకానే తగ్గిస్తుంది. చివరి డోసు ఇచ్చి 8 గంటలు దాటకపోతే 1 మి.గ్రా. ఎనోక్సాపరిన్‌కు 1 మి.గ్రా. ప్రొటమిన్, 8 నుంచి 12 గంటల మధ్య అయితే సగం. 12 దాటితే చాలావరకు అవసరమే ఉండదు. నెమ్మదిగా ఎక్కించాలి, వేగంగా ఇస్తే బీపీ పడిపోతుంది. చేపలంటే అలర్జీ ఉన్నవాళ్లకు, ఇంతకుముందు ప్రొటమిన్ తీసుకున్నవాళ్లకు రియాక్షన్ రావచ్చు. డోసు ఇచ్చిన టైము కచ్చితంగా రాసి ఉండకపోతే ఈ లెక్క కూడా వేయలేం.

రక్తం పలచబరచాల్సిన మందు గడ్డలు కట్టించే సందర్భం ఒకటుంది. హెపారిన్ జాతి మందుల వల్ల పుట్టే యాంటీబాడీలు ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి. మందు మొదలుపెట్టిన 5 నుంచి 10 రోజుల మధ్య ప్లేట్‌లెట్ల సంఖ్య సగానికి పైగా పడిపోతుంది, గడ్డలు కాళ్లలో, ఊపిరితిత్తుల్లో, ధమనుల్లో కూడా కడతాయి. ఈమధ్యే హెపారిన్ తీసుకుని ఉంటే మొదటి రోజే పడిపోవచ్చు. పాత హెపారిన్‌తో పోలిస్తే ఎనోక్సాపరిన్‌తో ఇది చాలా అరుదు, కానీ లేకపోలేదు. అనుమానం రాగానే గొట్టాలు శుభ్రం చేసే హెపారిన్ నీళ్లతో సహా ఆ జాతి మందులన్నీ ఆపాలి, ఆర్గాట్రోబాన్ లాంటి వేరే జాతి మందుకు మారాలి. ప్లేట్‌లెట్లు తగ్గాయి కదా అని మందు ఆపి ఊరుకోవడం, ప్లేట్‌లెట్లు ఎక్కించడం, రక్తం పలచబరిచే పాత మాత్ర వార్ఫరిన్‌ను వెంటనే మొదలుపెట్టడం, మూడూ తప్పే.

వార్ఫరిన్ వాడుతున్నవాళ్లకు ఆపరేషన్ కోసం 5 రోజుల ముందు దాన్ని ఆపి, మధ్యలో వారధిలా చికిత్స డోసు ఇంజెక్షన్లు ఇవ్వడం ఒకప్పుడు ఆనవాయితీ. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ పేషెంట్లలో ఆ నమ్మకాన్ని 2015లో వచ్చిన బ్రిడ్జ్ అధ్యయనం దెబ్బకొట్టింది. అందులో వాడింది ఇదే జాతికి చెందిన డాల్టెపారిన్. ఇంజెక్షన్ ఇచ్చినా ఇవ్వకపోయినా గడ్డల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు, 0.3, 0.4 శాతం. పెద్ద రక్తస్రావాలు మాత్రం 1.3 శాతం నుంచి 3.2కు పెరిగాయి. అపిక్సబాన్, రివరాక్సబాన్ లాంటి కొత్త మాత్రలు వాడేవాళ్లకైతే ఈ వారధి అసలే అక్కర్లేదు, అవి త్వరగా దిగి త్వరగా ఎక్కుతాయి. గుండెలో లోహపు కవాటం, ముఖ్యంగా గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ చోట, ఉన్నవాళ్లకు, గత మూడు నెలల్లో గడ్డ కట్టినవాళ్లకు దీన్ని ఆలోచించాలి. ఇస్తే చివరి చికిత్స డోసు ఆపరేషన్‌కు 24 గంటల ముందే ఆగాలి. తర్వాత రక్తస్రావం ముప్పు తక్కువ ఆపరేషన్ అయితే 24 గంటలకు, ఎక్కువైతే 48 నుంచి 72 గంటలకు మళ్లీ మొదలుపెట్టాలి. పెద్ద ఆపరేషన్ మరునాడే పూర్తి డోసు మొదలుపెట్టే తొందరే గాయాల్లో రక్తం చేరడానికి పెద్ద కారణం.

పోటీ మందులతో పోలిస్తే? మోకాలు, తుంటి మార్పిడికి రివరాక్సబాన్, అపిక్సబాన్ మాత్రలు గట్టి పోటీ. రివరాక్సబాన్ తుంటి అధ్యయనంలో గడ్డలు ఎనోక్సాపరిన్‌తో 3.7 శాతం, మాత్రతో 1.1 శాతం. సూది ఉండదు కాబట్టి ఇంటికి వెళ్లాక డోసులు మానేసే అవకాశమూ తక్కువ. ఆస్పిరిన్ విషయంలో సమాధానం ఆపరేషన్‌ను బట్టి మారుతుంది. ఆస్ట్రేలియాలో జరిగిన క్రిస్టల్ అధ్యయనంలో మార్పిడి ఆపరేషన్ల తర్వాత 90 రోజుల్లో లక్షణాలతో బయటపడ్డ గడ్డలు ఆస్పిరిన్‌తో 3.45 శాతం, ఎనోక్సాపరిన్‌తో 1.82 శాతం. ఎముకలు విరిగినవాళ్లతో 2023లో వెలువడిన అధ్యయనంలో మరణాల విషయంలో ఆస్పిరిన్ దీనికి తీసిపోలేదు. ఫోండాపరినక్స్ పూర్తిగా కృత్రిమం, పంది పేగు నుంచి వచ్చే మందు వద్దనుకునేవాళ్లకు పనికొస్తుంది. కానీ అర్ధాయువు 17 నుంచి 21 గంటలు, ప్రత్యేక విరుగుడు లేదు, 50 కిలోల లోపు ఆపరేషన్ పేషెంట్లకు నివారణకు ఇవ్వకూడదు. మళ్లీ ఆపరేషన్‌కు తీసుకెళ్లాల్సి రావచ్చనిపించే పేషెంటుకు, కిడ్నీలు ఊగిసలాడుతున్నవాళ్లకు పాత హెపారినే మా ఎంపిక. ఆపితే గంటల్లో దిగిపోతుంది.

కడుపు, కటి భాగం క్యాన్సర్ ఆపరేషన్లలో మాత్రం ఈ సిరంజికి మా పూర్తి మద్దతు ఉంది, అదీ 4 వారాలకు. 2002 నాటి అధ్యయనంలో వారానికే ఆపినవాళ్లలో 12 శాతం మందికి గడ్డలు కనిపిస్తే, 4 వారాలు కొనసాగించినవాళ్లలో 4.8 శాతం. చిక్కల్లా డిశ్చార్జి రోజున వస్తుంది. 28 రోజులు రాసి, ఆస్పత్రిలో 6 రోజులు అయిపోతే ఇంటికి 22 సిరంజిలు చేతికివ్వాలి. వారానికి సరిపడా ఇచ్చి ‘మళ్లీ రండి’ అంటే మధ్యలో తెగిపోతుంది. వెళ్లేలోగా ఇంట్లో ఇచ్చే మనిషి చేత నర్సు ముందు ఒక డోసు ఇప్పించాలి. ఒక కాలే వాచినా, పిక్క నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసమొచ్చినా, మలం నల్లగా వచ్చినా ఏ నంబరుకు ఫోన్ చేయాలో కాగితం మీద రాసివ్వాలి. సిరంజిలు 25 డిగ్రీల లోపు ఉంచాలి, గడ్డకట్టే చలిలో పెట్టకూడదు. వాడాక పిస్టన్‌ను గట్టిగా నొక్కితే రక్షణ తొడుగు సూదిని కప్పేస్తుంది. ఆ చప్పుడు వినిపించాకే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక ఆస్పత్రిలో అప్పగించాలి.